రోడ్డు వైపు గది

జగన్నాథరావు డాక్టరుగారి క్లినిక్ చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద ఉండేది. ఇల్లు దాని పైనే. భార్య బాలత్రిపురసుందరి నారాయణగూడలో ఒక మహిళా కళాశాలలో స్టాటిస్టిక్స్ చెప్పేది. ఇద్దరిదీ కాకినాడ వైపే. వాళ్లకు ఒక్కతే కూతురు, భవ్య. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పదో తరగతిలో ఉండగా, తొంభై అయిదు డిసెంబరులో ఒక ఉదయం ఊపిరాడక విలవిల్లాడింది. ఆస్పత్రికి తీసుకెళ్తుండగా కారులోనే తండ్రి చేతుల్లో పోయింది.

కొన్నాళ్లకు డాక్టరుగారు ఊపిరి బలం కొలిచే చిన్న గొట్టం ఒకటి కొన్నారు. గట్టిగా ఊదితే అందులో ముల్లు కదులుతుంది. అది పట్టుకుని ఆదివారాలు ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు.

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" అంది సుందరి.

"ఎవరూ అడగలేదు, అందుకే. మన క్లినిక్‌కి పిల్లికూతలతో వచ్చే పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. కింద బస్సులూ ఆటోలూ కూడా పెరుగుతున్నాయి. రెంటికీ సంబంధం ఉందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా."

సాయం అడగడానికి ఆరోగ్యశాఖ ఆఫీసుకు వెళ్తే, ఏదైనా సంస్థ తరఫున రమ్మని, విడి మనుషులకు సాయం చెయ్యలేమని చెప్పేశారు. ఆయన ఒంటరిగానే కానిచ్చారు. చిక్కడపల్లి రోడ్డు మీది ఇళ్లు, నారాయణగూడ చౌరస్తా ఇళ్లు ఒక పక్క. పోల్చి చూడటానికి అశోక్‌నగర్ లోపలి గల్లీల్లోని ఇళ్లు ఇంకో పక్క.

ఒకరోజు ఆయన రాసుకున్న ప్రశ్నలు సుందరి కంటబడ్డాయి.

"కిరోసిన్ స్టవ్వా, గ్యాసా అని అడగలేదు. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లున్నారా అని అడగలేదు. ఈ లెక్క ఎవరు నమ్ముతారు?" అని అక్కడే కూర్చుని అన్నీ తిరగరాసింది. పిల్ల పడుకునేది రోడ్డు వైపు గదిలోనా, లోపలి గదిలోనా అన్న ప్రశ్న కూడా ఆవిడే చేర్చింది.

భవ్య పోయాక ఆ ఇంట్లో మాటలు పోయాయి. ఈ పని మొదలయ్యాక భార్యాభర్తలు మళ్లీ మాట్లాడుకోసాగారు. ఏ ఇంట్లో ఏ పిల్ల ఎంత గట్టిగా ఊదిందో చెప్పుకునేవారు. ఒక్కోసారి నవ్వుకునేవారు కూడా.

మరుసటి వేసవి సెలవుల్లో కాలేజీ కంప్యూటర్ మీద సుందరి లెక్కలు పూర్తిచేసింది. రోడ్డు మీది పిల్లలకు ఆయాసం ఎక్కువని తేలింది. వాళ్లలోనూ రోడ్డు వైపు గదుల్లో పడుకునేవాళ్లకు మరీ ఎక్కువ.

ఆవిడ లెక్కల కాగితాలతో ఇంటికొచ్చి నేరుగా భవ్య గదిలోకి వెళ్లింది. ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది అది. రోడ్డు మీదికి రెండు కిటికీలు. పిల్లకు గాలి బాగా ఆడాలని వాళ్లిద్దరూ తమ గది ఖాళీ చేసి మరీ ఇచ్చారు.

డాక్టరుగారు పైకొచ్చి కాగితాలు అందుకున్నారు. నిలబడి చదివారు. చదివాక మంచం మీద కూలబడ్డారు.

"ఈ గది నేనే ఇచ్చాను, సుందరీ."

"రోజూ సాయంత్రం కిటికీలు తీసింది నేను."

"ఇది చాలామంది పిల్లల లెక్క. మన పిల్ల సంగతి దీన్నిబట్టి చెప్పలేం."

"ఆ మాట ఏటా క్లాసులో చెప్పేది నేనేనండీ."

ఆయన చాలాసేపు ఏడ్చారు. తర్వాత మెల్లగా అడిగారు. "గది గురించిన ఆ ఒక్క ప్రశ్నా తీసేసి రిపోర్టు రాద్దామా?"

సుందరికీ తీసేద్దామనే ఆశ కలిగింది. చివరికి తల అడ్డంగా ఊపింది. "తీసేస్తే మిగతా తల్లులు కిటికీలు తీసే ఉంచుతారు."

దోమలగూడలో వైద్యుల సమావేశంలో డాక్టరుగారు అంతా చదివి వినిపించారు. ముందు వరసలోని పెద్దాయనొకరు ఆయన భుజం తట్టి, "అంత దుఃఖంలో ఉన్నవాళ్లకు అలాగే కనబడుతుందండీ" అన్నారు. ఆ తర్వాత డాక్టరుగారు సమావేశాలకు వెళ్లలేదు.

సుందరి మాత్రం తాము కొలిచిన ఇళ్లకు మళ్లీ బయల్దేరింది. మొదట మాసమ్మ దగ్గరికి. చౌరస్తాలో పూలమ్ముకునే మాసమ్మ రోడ్డు మీదే ఒంటిగదిలో కిరాయికి ఉండేది. ఆమె కూతురు స్వరూపకు ఉబ్బసం.

"పిల్లని గుమ్మం దగ్గర పడుకోబెట్టకు, మాసమ్మా. బళ్లు ఎక్కువగా తిరిగే వేళ తలుపు వేసి ఉంచు."

"తలుపేస్తే గాలెట్ల ఆడతదమ్మా? అసలే దమ్ము పిల్ల. గాలి తగిలితే జర మంచిగుంటదని నేనే గీడ పండవెడ్తున్న."

"నేనూ అలాగే అనుకున్నాను" అంది సుందరి.

"మీకు గూడ పిల్లలున్నరా అమ్మా?"

"ఒక అమ్మాయి ఉండేది. భవ్య." పరాయి మనిషి ముందు ఆ పేరు పలకడం అదే మొదటిసారి. గది సంగతి, కిటికీల సంగతి అన్నీ చెప్పింది.

"గప్పుడు మీకెవ్వలు చెప్పలేదా అమ్మా?" అంది మాసమ్మ.

"అప్పటికి ఎవరికీ తెలీదు."

ఇద్దరూ కలిసి స్వరూప పక్కను వెనక గోడ వారకు జరిపారు. ఆ చలికాలం కూడా ఆ పిల్లకు ఆయాసం వచ్చింది. పక్క జరిపినా రోడ్డు రోడ్డే. డాక్టరుగారు వెళ్లి మందిచ్చి, తగ్గేదాకా ఉండి వచ్చారు.

సుందరి ఆ ఒక్క ఇంటితో ఆగలేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు భవ్య గురించే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ మొదటిసారంత కష్టంగానే ఉండేది.