హనోరా ఒంటరిది కాదు

"నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి వెర్నా. తెల్లదైతే కెమెరాలో మొహం పాలిపోయినట్టుంటుంది" అన్నాడు లిండ్సే, పేపరులోంచి తల ఎత్తకుండా. నేను అప్పటికే తెల్లది చేసేశాను. దాన్ని మడిచి పక్కన పెట్టి నీలంది పరిచాను.

ఆ రోజు మమ్మల్ని షూటింగుకి పిలిచారు. మమ్మల్ని అంటే నా మొగుణ్ణి. కారు నడపాలి కాబట్టి నేనూ. మేం వయసులో ఉన్నప్పుడు మా ఊరు హోబార్ట్‌లో తీసిన 'ఉప్పు రేవు' అనే డిటెక్టివ్ సీరియల్ వచ్చే వేళకి ఊళ్ళో వీధులు ఖాళీ అయ్యేవి. రచన, లిండ్సే హాడో అని పడేది. దాన్ని చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు సొంతంగా ఒక డిటెక్టివ్ సీరియల్ తీస్తూ, అందులో ఒక భాగం మొత్తాన్ని మా పాతదానికి దణ్ణం పెట్టినట్టు తీస్తున్నారు. అదే రేవు. అదే బూడిదరంగు కోటు. మా ఇన్‌స్పెక్టర్ హనోరా పైక్‌లాగే వాళ్ళ ఇన్‌స్పెక్టర్ కూడా ముందు శవం దగ్గరికి వెళ్ళదు, వంటింట్లోకి వెళుతుంది. తీగ మీద సగం ఆరేసి వదిలేసిన బట్టలు, నీళ్ళింకి మాడిన కెటిల్ చూసి, ఆ ఇంట్లో ఆడమనిషిని పని మధ్యలో ఎవరు పిలిచారో కనిపెడుతుంది. ఆడవాళ్ళ సంగతి ఇంత బాగా తెలిసిన మగవాడు లేడని అప్పట్లో పత్రికలు రాశాయి.

తెలియకేం. మొదట "కాస్త టైపు చేసిపెట్టు" అన్నాడు. తర్వాత "ఆడవాళ్ళ మాటలు నువ్వు సరిచెయ్యి" అన్నాడు. తర్వాత "నాకివాళ ఏమీ తోచడం లేదు, నువ్వే ఏదో ఒకటి చేసెయ్" అన్నాడు. కొన్నాళ్ళకి ఆ మాట అనడం కూడా మానేశాడు. తన గది తలుపు వేసుకుని రేడియోలో క్రికెట్ వినేవాడు. మా అత్తగారు ఈనిడ్ నా దగ్గరికొచ్చి, "వాడు రాసుకుంటున్నాడు, పిల్లాణ్ణి అటు తీసుకుపో అమ్మాయ్. నీకెలాగూ ఖాళీయేగా" అనేది. పిల్లాణ్ణి చంకనెత్తుకుని, బట్టలుతికే గదిలో మిషను మీద పెట్టుకున్న టైపురైటరు దగ్గరికి వెళ్ళేదాన్ని. పేరు మాట ఒక్కసారే ఎత్తాను. "మనిద్దరం ఒకటే కదా, ఎవరి పేరైతే ఏం?" అన్నాడు. ఎవరిదైనా ఒకటే అయినప్పుడు నాదే వెయ్యొచ్చుగా అని అడగడం అప్పటికి తోచలేదు. తోచేసరికి సీరియల్ అయిపోయింది.

నదిఒడ్డున పాత గోదాములో వంటింటి సెట్టు వేశారు. కొత్త సీరియల్ రాస్తున్న అమ్మాయి పేరు టీగన్. లిండ్సేకి కుర్చీ వేయించి, కాఫీ చేతికిచ్చి, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నట్టుగా అడిగింది.

"హనోరా పని ముగించుకుని ఇంటికొచ్చి, కిటికీ దగ్గర నిలబడి చేపల డబ్బా తెరుచుకుని తినే సీను ఉంది కదండీ. మేం దాన్నే మళ్ళీ తీస్తున్నాం. ఆవిడ ఎందుకలా నిలబడి తింటుంది?"

లిండ్సే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఒంటరిది పాపం. పక్కన కూర్చుని తినేవాడు లేడు. కూర్చుంటే ఏడుపొస్తుందని నిలబడుతుంది."

టీగన్ తల ఊపింది. దర్శకుడు వెంటనే నటి వైపు తిరిగి, రెండో ముద్దకి కళ్ళల్లో నీళ్ళు తిరగాలని చెప్పాడు.

ఆ సీను రాసిన రోజు నాకు బాగా గుర్తు. పిల్లాడికి జ్వరం. అత్తగారికి గుడ్డు మెత్తగా ఉడకాలి, లిండ్సే స్నేహితులకి మాంసం రోస్టు గట్టిపడకూడదు. అందరూ లేచాక సింకు దగ్గర నిలబడి గిన్నెలో మిగిలింది తింటుంటే, వెర్నా, కాఫీ అని కేకేశారు. టైపురైటరు దగ్గరికి వెళ్ళి హనోరాని ఇంటికి తీసుకొచ్చాను. పొయ్యి వెలిగించనివ్వలేదు. చేతికి డబ్బా ఇచ్చి, కిటికీ లోంచి నదిని చూస్తూ తినమన్నాను. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. ఆకలేసింది కాబట్టి తింది, అంతే. నేనెరగని సుఖమంతా ఆవిడకి పెట్టాను. అలాంటి ఆవిణ్ణి ఇప్పుడు ఏడిపిస్తున్నారు.

"ఆవిడ ఏడవదు" అన్నాను.

అందరూ నావైపు చూశారు.

"ఒంటరిది కాదు. ఆ రోజుకి ఆవిడకి ఎవరి పనీ లేదు. హాయిగా తింటోంది."

లిండ్సే నవ్వాడు. "మా ఆవిడ అప్పట్లో నాకు టైపు చేసిపెట్టేది లెండి. కామాలూ చుక్కలూ అన్నీ తనవే."

వాళ్ళూ నవ్వారు. టీగన్ మాత్రం నవ్వలేదు. నటి ఏడ్చింది. చాలా బాగా ఏడ్చింది.

తిరిగొస్తుంటే కారులో, "నలుగురిలో నన్ను చిన్నబుచ్చావు" అన్నాడు. వంతెన దాటాక కోపం తగ్గించుకుని, "వచ్చే సీజన్లో ఒక భాగం నన్నే రాయమన్నారు. ఒప్పేసుకున్నాను. సోమవారం నుంచి కూర్చుందాం" అన్నాడు.

"ఎవరం?" అన్నాను.

"అదేం ప్రశ్న? నీకెలాగూ ఖాళీయేగా."

సోమవారం నేను సముద్రానికి ఈతకి వెళ్ళాను. మంగళవారం కూడా. ఇంటికొచ్చేసరికి లిండ్సే కంప్యూటరు ముందు కూర్చుని ఉండేవాడు. "హనోరాలాంటి ఆవిడ ఆ ఇంట్లోకి వెళ్ళింది. ముందు ఏం చూస్తుందంటావ్?" అనేవాడు. "నువ్వు ఏం చూస్తావో అదే" అని తల తుడుచుకునేదాన్ని. మొదట బతిమాలాడు, తర్వాత అలిగాడు, తర్వాత వయసు మీద పడిందని మూలిగాడు. ఆ మూలుగు నిజమే కావచ్చు. నాకూ అదే వయసు.

ఇంతలో మా పాతదానికి దణ్ణం పెట్టిన ఆ భాగం టీవీలో వచ్చింది. చివర్లో, లిండ్సే హాడోకి కృతజ్ఞతలతో, అని పడింది. చూసినవాళ్ళు ఫోన్లు చేసి, ఆ చేపల సీనుకి ఏడుపాగలేదని ఆయనకి చెప్పారు. ఆయన చాలా వినయంగా విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం టీగన్ ఫోను చేసింది. నేనే తీశాను. లిండ్సే బల్ల దగ్గరే ఉన్నాడు, నావైపు చూస్తూ లేనని చెప్పమని చెయ్యి ఊపాడు.

"వెర్నా గారూ, స్క్రిప్టు ఎంతవరకొచ్చిందండీ? మావాళ్ళు తొందరపెడుతున్నారు. ఆయన ఎప్పుడూ ఇంత ఆలస్యం చేస్తారా?"

"ఏమోనమ్మా, ఆయన రాయగా నేనెప్పుడూ చూడలేదు" అని, ఫోను లిండ్సే చేతిలో పెట్టాను.