ఆకూ అలమూ

“ఇవాళా ఆకూ అలమేనా?” అనేవాడు పాండురంగయ్య, పీట మీద కూర్చోగానే. చేపో మాంసమో, నీసు లేని రోజున ఆ ఇంట్లో వంటకు అదే పేరు. అతని పెళ్లాం హనుమాయమ్మ తెల్లారకముందే లేచి నూలుకు గంజి పెట్టేది. రాట్నం మీద కండెలు చుట్టేది. మధ్యలో చెయ్యి కడుక్కుని గోంగూర వలిచి, పప్పు ఎనిపి, బచ్చలి పులుసు కాచేది. ఎంత చేసినా ఆకూ అలమే. ఏం వండావని పక్కింటావిడ అడిగితే, “ఏముంది వదినా, ఏమీ లేదు,” అని తనే అనేసేది. అన్నాక తినబోతే ఆ పులుసు తనకే చప్పగా తగిలేది. ఉప్పు తక్కువై కాదు.

నీసు వండిన రోజు సంగతి వేరు. ఇల్లంతా ఘుమఘుమ. ముక్కలన్నీ మగవాళ్ల విస్తళ్లలోకి పోయేవి. “మగ్గం తొక్కేవాడికి ముక్క, ఆడదానికి పులుసు,” అనేది అత్త చౌడేశ్వరమ్మ. ఆమెకు ఆమె అత్త చెప్పిన మాటే అది. కాపరానికొచ్చిన ఇన్నేళ్లలో హనుమాయమ్మ చట్టి అడుగు తుడుచుకోవడమే గాని ముక్క కొరికి ఎరగదు. పులుసూ వద్దని గోంగూరతోనే కానిస్తే, “మేకను కట్టుకున్నానురా,” అని మొగుడు నలుగురిలో నవ్వాడు.

యుద్ధం రోజులు. నూలు దొరకడం కష్టమైంది, మగ్గాలు సగం రోజు ఊరికే ఉండేవి. అప్పుడు బెజవాడ గవర్నరుపేటలో నేతవాళ్ల సంఘం కూడి, కులం పైకి రావాలంటే నీసు మానాలని తీర్మానం చేసింది. పాండురంగయ్య అందరికంటే ముందు చెయ్యెత్తాడు. మంగళగిరి తిరిగొచ్చి ఇంట్లో చెప్పాడు, ఇకనుంచి మనది సాత్వికాహారమని.

ఆ ఆదివారం సంఘం పెద్ద ఆదిశేషయ్య భోజనానికొచ్చాడు. హనుమాయమ్మ ఎప్పటి గోంగూర పప్పే, ఎప్పటి బచ్చలి పులుసే చేసింది. సాత్వికాహారమంటే ఇదీ, అమృతమని ఆయన లొట్టలేశాడు. పాండురంగయ్య పప్పు మూడోమాటు వడ్డించుకున్నాడు. అదే చెయ్యి, అదే చట్టి. పేరు మారేసరికి నాలుకే మారిపోయిందేమిటా అని ఆమె తలుపు పక్కన నిలబడి చూస్తూ ఉంది. భోజనాలయ్యాక ఆదిశేషయ్య పాండురంగయ్య మెడలో బంతిపూల దండ వేసి, నోరు కట్టుకోవడం సామాన్యమైన త్యాగం కాదన్నాడు.

హనుమాయమ్మ ఆ దండకేసి చూసింది. తను ఇన్నేళ్లు తిన్నది మేక మేత. ఆయన ఆరు రోజులు తింటే త్యాగం.

“అన్నయ్యగారూ,” అంది తలుపు దాటి. “మానుకున్నవాళ్లకేనా దండ, దొరకనివాళ్లకు లేదా?”

ఆదిశేషయ్య, మీ ఆవిడ గడుసుదేనయ్యా అని నవ్వి చెప్పులేసుకున్నాడు. పాండురంగయ్య నవ్వలేదు.

మర్నాడు పొద్దున చేపల అమలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, ఆ ఇంటి ముందు ఆగకుండా పోతోంది. హనుమాయమ్మ పిలిచి దించమంది. చాటెడు నూకలు పోసి, బుట్టలో పెద్ద వాలుగను తానే ఏరుకుంది.

“అదేందమ్మా, మీరు మానేశారంటగా?” అంది అమలమ్మ.

“ఆయన మానేశారు. నేనింకా మొదలుపెట్టందే మానేదేముంది?”

లోపల మగ్గం చప్పుడు ఆగింది. హనుమాయమ్మ కత్తిపీట తెచ్చి, దొడ్లోకి పోకుండా వీధరుగు మీదే కూర్చుని బూడిద రాసి చేపను తోముతోంది. చౌడేశ్వరమ్మ గడప దాకా వచ్చి ఏదో అనబోయి, చేపను చూసి, గుటక మింగి ఊరుకుంది. వెనకాలే పాండురంగయ్య వచ్చాడు.

“లోపలికి పదవే. సంఘంవాళ్లు చూస్తే నా పరువేం కావాలి?”

“చూడనివ్వండి,” అంది హనుమాయమ్మ తల ఎత్తకుండా. “మీ పప్పు పొయ్యి మీద ఉంది. నడిముక్కలు నాకూ అత్తయ్యకూ. తిన్నాక, మానాలో వద్దో నా నాలుకనడిగి నేను చెబుతా.”