బటన్ ఒంటి మీది ఉన్ని

పండగ భోజనాలయ్యాక బటన్‌ను స్టెఫా తనతో తీసుకెళ్లిపోవాలి. అలా అనుకున్నారు. నెల్లీ పొద్దున్నే దాని గిన్నె, తువ్వాలు, ఒక చెవి ఊడిపోయిన గుడ్డ కుందేలు సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టింది. బటన్ వచ్చి సంచిని వాసన చూసి, కుందేలును బయటికి లాగి, సోఫా కిందికి పట్టుకుపోయింది. నెల్లీ దాన్ని మళ్లీ తీయడానికి వంగలేదు. వంగితే కరుస్తుందని భయం.

బటన్ సగం పూడుల్, సగం మాల్టీస్. చంకలో ఇమిడిపోయేంత కుక్క. ఒళ్లంతా పాలమీగడ రంగు, అందులో నల్లగా రెండు కళ్లూ ఒక ముక్కూ. దాని జుట్టు రాలదు, మనుషుల జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. ఒంటరిగా ఉండడం దానికి అస్సలు గిట్టదు. మనిషి ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఉండాలి, స్నానాల గది తలుపు మూసుకుంటే బయట కూర్చుని మూలగాలి. అయితే దాని మనిషి ఒరెస్ట్. నెల్లీ ఒరెస్ట్ భార్య, అంతవరకే. సాయంత్రాలు హాకీ ఆట చూస్తూ ఒరెస్ట్ దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఇనప దువ్వెనతో పాయ పాయగా తీసి చర్మం కనిపించేదాకా దువ్వేవాడు. గోల్ పడే సమయానికి దువ్వెన ఆగిపోయేది. ఎందుకాపావన్నట్టు బటన్ కాలితో అతని చేతిని తట్టేది.

కోతల కాలంలో ఒరెస్ట్ ధాన్యం లారీ పక్కనే కుప్పకూలి చనిపోయాడు. నెల్లీ అతని వస్తువులన్నీ ఒక సొరుగులో పెట్టి మూసేసింది. ఇనప దువ్వెన కూడా అందులోకే పోయింది. యార్క్‌టన్ పట్నం వెళ్లినప్పుడు ఇంకో మెత్తటి బ్రష్ కొనుక్కొచ్చింది. ప్రతి శనివారం వేడినీళ్లలో సబ్బు పెట్టి బటన్‌ను రుద్ది రుద్ది కడిగేది, తువ్వాలుతో తుడిచేది, ఆరాక పైపైన బ్రష్ చేసేది. దూదిపింజలా మెరిసేది. చర్చిలో ఆడవాళ్లు చూసి, ఒరెస్ట్ ఉన్నప్పటికంటే బాగుందే అన్నారు. నెల్లీకి ఆ మాట ఎంత బాగుందంటే, ఇంటికొచ్చి సిగ్గుపడింది.

మంచు పడడం మొదలయ్యాక బటన్ మారిపోయింది. ఎత్తుకోబోతే గుర్రుమంది. చెవుల వెనక చెయ్యి పెడితే మణికట్టు కరిచింది. ఆమె పక్కన పడుకోవడం మాని తలుపు దగ్గర చాప మీదికి చేరింది. వీధిలో లారీ చప్పుడు వినిపిస్తే చాలు, ఒరెస్ట్ లారీ ఏమోనని తల ఎత్తేది. నెల్లీ తనకు తోచిన అర్థం తాను చెప్పుకుంది: దీనికి కావలసింది ఒరెస్ట్, మిగిలింది నేను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఒరెస్ట్ అక్క స్టెఫాకు ఫోన్ చేసి, నా వల్ల కావడం లేదు, నువ్వు పెంచుకుంటావా అని మాత్రం అడిగింది. స్టెఫా గొర్రెలన్నీ అమ్మేసి ఒక్కతే ఉంటోంది. అడిగీ అడగకముందే సరేనంది.

ఆ రోజు వాళ్ల చర్చి పాటించే పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్ ముందురోజు. తొలి చుక్క పొడిచాకే భోజనం. బల్ల మీద పోయినవాళ్ల కోసం ఒక కంచం ఖాళీగా పెట్టాలి. ఈసారి ఆ కంచం ఎవరిదో అడగక్కర్లేదు. మనుషులు తినకముందు ఇంట్లో జంతువులకు పెట్టడం ఆనవాయితీ. పండగ వంటకంలో తేనె, గసగసాలు కలపకముందే ఒరెస్ట్ బటన్ కోసం ఉడికిన గోధుమలు గుప్పెడు పక్కన తీసేవాడు. నెల్లీ కూడా ఆలోచించకుండానే గుప్పెడు తీసి చిన్న గిన్నెలో వేసింది. వేశాక కాసేపు ఆ గిన్నె వైపే చూస్తూ నిలబడింది.

స్టెఫా బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. "ఏమే నెల్లీ, దీనికేం పెడుతున్నావు? కుక్కలా లేదు, చర్చిలో అమ్మకానికి పెట్టిన దిండులా ఉంది."

"ఏం పెట్టినా తింటాడు. మధ్యమధ్యలో నన్ను తింటాడు," అంది నెల్లీ.

స్టెఫా నవ్వి, వెళ్లేటప్పుడు తొందర లేకుండా ఇప్పుడే కడదామని, తెచ్చిన కొత్త పట్టీని బటన్ ముందుకాళ్ల కింద నుంచి చుట్టబోయింది. బటన్ కెవ్వుమని అరిచి ఆమె వేలు పళ్లతో పట్టుకుంది. ఇద్దరూ నిర్ఘాంతపోయారు. స్టెఫా అంటే దానికి ప్రాణం. ఆమె వస్తే తోక కాదు, నడుము మొత్తం ఊపేది.

పట్టీ తీయడానికి నెల్లీ చెయ్యి చంక కిందికి పోనిచ్చింది. ఆమె వేళ్లు అక్కడే ఆగిపోయాయి. పైన దూదిలా ఉన్న జుట్టు కింద గట్టిగా, దళసరిగా ఒక అట్ట తగిలింది. మెడ కింద అదే. చెవుల వెనక అదే. ఆ అట్ట ఆమె వేళ్లకు కొత్త కాదు. ఏటా స్టెఫా ఇచ్చిన ఉన్నితో చర్చి అమ్మకానికి ఇంట్లో తొడుక్కునే జోళ్లు చేసేది తనే. వేడినీళ్లు, సబ్బు, రుద్దుడు. ఉన్ని ముడుచుకుని గట్టిపడేదాకా రుద్దుడు.

"స్టెఫా, ఇది జుట్టు కాదు. నేను చేసే జోడు," అంది. "వీడి ఒంటి మీదే చేశాను. శనివారం శనివారం."

స్టెఫా కూడా తడిమి చూసింది. చిక్కు తీయకుండా కడిగావా అని అడిగింది. నెల్లీ తలూపింది. నిలబడితే చాలు ఆ అట్ట చర్మాన్ని లాగుతుంది, ఎత్తుకుంటే పీకుతుంది. ఆ సంగతి గొర్రెలు పెంచినదానికి చెప్పాలా.

నెల్లీ సొరుగు తెరిచింది. ఒరెస్ట్ జుట్టు కత్తిరించుకునే మిషన్ దువ్వెన పక్కనే ఉంది. వంటగట్టు మీద తువ్వాలు పరిచి, స్టెఫా పట్టుకుంటే, నెల్లీ అట్టకూ చర్మానికీ మధ్య మెల్లిగా మిషన్ పోనిచ్చింది. బయట చుక్కలు పొడిచాయి, పులుసు చల్లారిపోయింది. బటన్ వణికింది గాని కరవలేదు. ఉన్ని మొత్తం ఒక్క ముక్కగా, ఎవరో విప్పి పెట్టిన కోటులా ఊడి వచ్చింది. కింద చర్మం ఎర్రగా, చంకల్లో పుండ్లు పడి ఉంది. ఇంత చిన్న కుక్కా అనిపించింది.

గోరువెచ్చని నీళ్లతో తుడిచి, నెల్లీ ఒరెస్ట్ ఉన్ని మేజోడు కత్తిరించి దానికి తొడిగింది. గోధుమలు అరచేతిలో పెట్టి చాపింది. బటన్ తినేసి ఖాళీ అరచెయ్యి కూడా నాకింది. ఆపైన మణికట్టు మీద తాను కరిచిన చోటు నాకింది.

"వీణ్ణి ఉండనీ స్టెఫా," అంది నెల్లీ తల ఎత్తకుండా.

స్టెఫా గట్టు మీది ఉన్నిని మడిచి పక్కన పెట్టింది. "వీడి కోసం పడక కొన్నాను. కారులో ఉంది," అంది చివరికి.

ఖాళీ కంచం మధ్యలో పెట్టుకుని ఇద్దరూ చల్లారిన భోజనమే తిన్నారు. వెళ్లేటప్పుడు స్టెఫా కారులోంచి ఆ పడక తెచ్చి సంచి పక్కన పెట్టింది. నెల్లీ వద్దంటే, "నా ఇంట్లో దాని మీద ఎవరు పడుకోవాలి? నేను పట్టను," అంది. కొత్త పట్టీ మాత్రం ఇవ్వడం మరిచిపోయినట్టు కోటు జేబులో వేసుకుంది.

కారు చప్పుడు దూరమయ్యాక నెల్లీ ఒరెస్ట్ కుర్చీలో కూర్చుంది. బటన్ కొత్త పడకను ఒకసారి వాసన చూసి, వచ్చి ఆమె పాదాల మీద పడుకుంది. చలికే వచ్చిందేమో. ఆమె దాని చెవుల వెనక వేలు పెట్టింది. అక్కడ ఇప్పుడు వెచ్చగా, నున్నగా ఉంది. బటన్ తల ఆ వేలికి ఆనించింది.

వీధి చివర ఏదో లారీ మలుపు తిరిగింది. బటన్ తల ఎత్తింది. నెల్లీ కూడా ఎత్తింది. వెలుగు కిటికీ మీదుగా జరిగి గోడ మీదికి పాకి పోయింది. చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఇద్దరూ తలుపు వైపే చూశారు.