ఫణీంద్ర కట్టిన ఊరు

నేను ఒక మౌస్‌ని. నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నా బొత్తాలు రెండూ నొక్కి చూసి డబ్బాలో పెట్టింది. నన్ను బెరుకు లేకుండా ముట్టుకున్న చేయి అదొక్కటే. తర్వాత విజయవాడలో ఒక నెట్ సెంటర్‌లో పడ్డాను. అక్కడికొచ్చే వాళ్ళు నన్ను పట్టుకోగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు. మనుషులకి నాతో ఉండే పని ఏదో దాచుకునే పనేనని అక్కడే అర్థమైంది.

ఆ సెంటర్ మూతపడ్డాక ఫణీంద్ర నన్నూ కంప్యూటర్‌నీ కలిపి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇళ్ళ స్థలాల లేఅవుట్లు గీసే కంపెనీలో ఆయన డిజైనర్. కొన్నాళ్ళకి "ఇకమీదట ఇంటి నుంచే పని" అని భార్య నీరజకి చెప్పి, గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ అరచేతి చెమట తగిలినప్పుడే నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది.

తలుపు వెనక జరిగేది ఆట. ఖాళీ నేల మీద ఊరు కట్టాలి. రోడ్లు వేయాలి, నీళ్ళూ కరెంటూ ఇవ్వాలి. పన్ను పెంచితే జనం గొణుగుతారు, పార్కు కడితే చల్లబడతారు. ముచ్చటైన ఆటే. బుల్లి బస్సులు తిరుగుతూ, వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే నాకూ బాగుండేది. కానీ రోడ్డు వెడల్పు చేయాలంటే నా బొత్తాం ఒక్కసారి నొక్కితే చాలు, వీధి వీధంతా పోతుంది. ఎవరూ ఏడవరు. నచ్చకపోతే నిన్నటి ఊరు మళ్ళీ తెచ్చుకోవచ్చు. అంతగా మాట వినే ఊరిని నేను నమ్మలేను. వంటింట్లో కుళాయి కారుతోందని నీరజ పిలిస్తే, ఆటలో లక్షమందికి పైపులు వేస్తూ "చూస్తాలే" అనేవాడు.

నీరజకీ అనుమానమే. ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చింది.

"మీటింగ్ అన్నారు. ఎవరి గొంతూ వినబడదేం?"

ఆయన తెర మార్చబోయాడు. ఆ తొందరలో నేను పక్కకి జారాను. ఊరు అలాగే కనబడుతూ ఉండిపోయింది.

ఆమె వంగి చూసింది. "ఇది మీ కంపెనీ పనా?"

"అలాంటిదే."

"ఎంతమంది ఉంటారు ఇందులో?"

"లక్ష దాటారు." ఆ గొంతులో గర్వం దాగలేదు.

"అందరికీ ఉద్యోగాలున్నాయా?"

"దాదాపు అందరికీ."

"మీకు?"

ఆయన వేళ్ళు నా మీద నుంచి తొలగిపోయాయి.

"తీసేశారు. నీకెలా చెప్పాలో తెలియలేదు. ఇక్కడ కూర్చుంటే ఏదో ఒకటి నా చేతిలో నడుస్తున్నట్టు ఉండేది."

నీరజ అరవలేదు. "నేను పరాయిదాన్నా?" అని మాత్రం అంది.

మర్నాడు కంప్యూటర్ బల్లని హాల్లోకి జరిపించింది, వీధి గుమ్మానికి ఎదురుగా. ఆటని మాత్రం తీసేయించలేదు. అప్పుడప్పుడు తనే కూర్చుని, "బడి ఇంత దూరంగా పెట్టారేం? పిల్లలెలా నడుస్తారు?" అని నిలదీసేది. ఆయన సర్టిఫికెట్లు పట్టుకుని పని కోసం తిరిగాడు.

చివరికి డ్రైనేజీ పనులు చేయించే ఒక కాంట్రాక్టర్ దగ్గర కుదిరాడు. మొదటి సాయంత్రం వచ్చి, ఒక ముసలావిడ తన అరుగు జానెడు కూడా తవ్వనివ్వనని అడ్డంగా కూర్చుందని, ఆవిడ కోసం కాలవనే పక్కకి వంచాల్సొచ్చిందని చెప్పాడు. నీరజ అంతా విని ఊకొట్టింది. ఆయన స్నానానికి వెళ్ళగానే గుమ్మం దగ్గరికి నడిచి, ఆయన విడిచిన బూటు ఎత్తి తిరగేసింది.

అడుగున తడి మట్టి ఉంది.

దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.