అసిరయ్యకు సెలవు

“ఊపిరి పీల్సు... ఆపు... కదలకమ్మా... ఇక వదిలీ!”

సీటీ స్కాను బల్లమీద పడుకున్న బుల్లమ్మ వదిలింది, ఊపిరితోపాటు ఓ నవ్వు కూడా.

“గుండెకాయ ఫొటోకి ఇంత తాలీమేటి మావా?”

“పెళ్లి ఫొటోకి కళ్లార్పకూడదు, గుండె ఫొటోకి ఊపిరాడకూడదమ్మా! కదిలితే నీ రత్తనాళాలన్నీ తుపాన్లో వలలాగ సిక్కుపడిపోతాయి.”

వేలికి తగిలించిన మీటరు తొంభై రెండు చూపిస్తోంది. గుండె వేగం అరవై ఐదు లోపలికి దిగితేగాని బొమ్మ కుదురుగా రాదు. మాత్ర వేసి గంటైంది. మాత్ర దింపనిది అసిరయ్య మాట దించుతుంది.

“మీ భావనపాడులో ఈయేడు ఏటి పడతన్నాయి?”

బుల్లమ్మ కవళ్ల చేపలతో మొదలెట్టి వంజరాల దగ్గరికొచ్చేసరికి మీటరు అరవై మూడు.

2012లో శ్రీకాకుళానికి ఈ మిషను వచ్చినప్పుడు అది ఇంగ్లీషులో హుకుం జారీ చేసేది. ఎవర్ని తిడుతోందోనని జనం లేచి కూర్చునేవాళ్లు. గది తుడవడానికి చేరిన అసిరయ్య అప్పట్నుంచి ఆరేళ్లుగా జనం భయం తుడుస్తున్నాడు. స్కాను నడుస్తున్నంతసేపూ అద్దం అవతల నిలబడి, మైకులో చెబుతూ చెయ్యి ఊపుతాడు.

కిందటి నెల రథసప్తమికి ఒక్కరోజు సెలవడిగాడు. “ఆ నాలుగు ముక్కలూ మిషన్లో సెప్పీ మావా, ఆ ఒక్కరోజుకే,” అన్నాడు టెక్నీషియన్ హరిబాబు. అసిరయ్య గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. స్పీకర్లోంచి తన గొంతే వినబడితే పొంగిపోయి, ఇంటికెళ్లి పెళ్లానికి నాలుగుసార్లు వర్ణించాడు.

“మావా, ఇలా రా,” హరిబాబు ఇప్పుడు వరండాలోకి పిలిచాడు. “రేపట్నుంచి నిన్ను రావద్దన్నారు. మిషనే సెబుతాదట.”

“ఒక్కరోజుకే అన్నావు కదరా?”

హరిబాబు నేలమీది పలకలు చూశాడు. “నాకు ముందే తెలుసు మావా. సెప్తే నువ్వు గొంతివ్వవని...”

“గొంతిత్తే, ఆ గొంతే కోసేసినార్రా!”

అరవలేదు. లోపల మనిషి గుండె అరవై మూడులో ఉంది మరి.

“ఈవిడది అయ్యేదాకా ఉంటాన్రా.”

“వద్దులే మావా. ఇదీ మిషన్తోనే సూడమన్నారు.”

ఒక్కరోజు సెలవడిగినవాడికి బతుకంతా సెలవిచ్చారు. అసిరయ్య కోటు విప్పేసి, మెట్లు దిగి, అరసవల్లి ఆటోలు ఆగే వైపు నడిచాడు.

లోపల బల్ల కదిలింది. “ఊపిరి పీల్సు... ఆపు...”

బుల్లమ్మ అద్దంవైపు చూసింది. హరిబాబు ఒక్కడే. మీటరు డెబ్బై ఎనిమిది.

“మావా! గొంతిక్కడున్నాది, నువ్వేడున్నావు?”

“కదలకమ్మా,” అంది గొంతు.

తలుపు వెనక కొక్కేనికి అసిరయ్య ఆకుపచ్చ కోటు వేలాడుతోంది, చేతులు మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి.