సన్నపుల్ల దెబ్బలు

మా ఆయన జాన్‌కు నా మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనలేదు. తన సొంతూరు ఆళ్లగడ్డలో అడుగుపెట్టగానే ఆ ప్రేమకు నోరు పడిపోతుందని మాత్రం అంటాను. నంద్యాల స్టేజీ మీద నా పక్కన కీబోర్డు వాయిస్తూ, జనం చప్పట్లు కొడితే "మా ఆడమనిషే" అని మురిసిపోతాడు. సొంత ఊళ్లో మాత్రం నన్ను ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు కూర్చుంటాడు.

1987లో మా ఆర్కెస్ట్రా యజమాని గురుస్వామన్న మద్రాసు నుంచి ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు తెప్పించాడు. రబ్బరు పలకల్లా ఉంటాయి. వైర్లన్నీ ఒక పెట్టెలోకి పోతాయి. పుల్లతో కొడితే స్పీకర్లో డ్రమ్ము మోగుతుంది. మగవాళ్లు వరసగా కూర్చుని బాదిబాది, ఇది పలికే సామాను కాదని తేల్చేశారు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు.

కిటుకంతా పెట్టె మీది సెన్సిటివిటీ నాబుల్లో ఉంది. అది ప్యాడ్‌కు చెవి అనుకోండి. తగ్గిస్తే చెవిటిదైపోతుంది, గట్టిగా బాదితే తప్ప వినదు. మరీ పెంచితే పక్క ప్యాడ్ మీది దెబ్బకు కూడా ఉలిక్కిపడి తానూ మోగుతుంది. ఒక్కో ప్యాడ్‌కు ఒక్కో నాబు. నేను కుడివైపు ప్యాడ్ చెవి కాస్త తగ్గించాను, ఎడమవైపు దాని చెవి పెంచాను. ఎందుకంటే నా చేతులకు వచ్చింది మా నాయన విద్య. మా నాయన ఏసయ్య తప్పెట కొట్టేవాడు. కుడిచేత లావు పుల్ల, ఎడమచేత సన్నపుల్ల. చర్చికి పోయినా తప్పెట వదల్లేదు.

"పెండ్లి దెబ్బకూ చావు దెబ్బకూ లావు పుల్ల నడక ఒకటే మ్మా," అనేవాడు. "మధ్యలో సన్నపుల్ల ఆడితే పెండ్లి. ఆడకుంటే చావు."

నాకు కుదిరిన చోట నాబుల మీద గోళ్లరంగుతో చుక్క పెట్టుకున్నాను. ఆ చుక్క జోలికి ఎవరూ పోకూడదని అందరికీ తెలుసు. జాన్‌కు అందరికంటే బాగా తెలుసు, ఆ గోళ్లరంగు కొనిచ్చింది అతనే.

ఆ డిసెంబరులో ఆళ్లగడ్డలో జాన్ చిన్నాన్న కూతురి పెళ్లి. చర్చి ఆవరణలో షామియానా వేసి, సాయంత్రం విందుకు మా ఆర్కెస్ట్రా పెట్టారు. గురుస్వామన్న బయల్దేరే ముందే చెప్పాడు. "ప్రసన్నా, ఆడమనిషి డ్రమ్ములు కొడతాందని ఇప్పటికే అంటాండారు. ఆడ ఒక్క మాట వచ్చిందా, ప్యాడ్లు కొంటానంటాండే కర్నూలోనికి ఇచ్చేస్తా. నా మీద కోపం చేసుకోవద్దు." నేను సరేనన్నాను. నా చేతి మీద నాకు నమ్మకం.

జాన్ వాళ్లింట్లో తప్పెట మాట ఎత్తకూడదు. వాళ్ల తాత బాప్తిస్మం తీసుకున్న రోజే తప్పెటను పొయ్యిలో పెట్టాడని గొప్పగా చెప్పుకుంటారు. నేను ఆ ఇంటి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి చేట తిరగేసి దాని మీద వేళ్లతో తప్పెట దెబ్బ వేస్తే, మా అత్త దేవమ్మ గబగబా వచ్చి చేట లాక్కుంది. మొహం తిప్పుకుని పోయింది. ఆవిడకూ అసహ్యమే అనుకున్నాను.

మధ్యాహ్నం నేను అన్నీ సరిచూసుకున్నాను. రెండు ప్యాడ్లూ పలికాయి. సాయంత్రం పెళ్లికూతురూ పెళ్లికొడుకూ షామియానాలోకి అడుగుపెట్టగానే మా నాయన పెండ్లి దెబ్బ ఎత్తుకున్నాను.

దండ్. కాస్త ఆగి మళ్లీ దండ్.

నా ఎడమచేయి ఆడుతూనే ఉంది, స్పీకర్లో మాత్రం అది లేదు. వైరు ఊడిందేమో అనుకుని ఎడమ ప్యాడ్‌ను ఒక్కసారి బాదాను, మోగింది. మామూలుగా కొడితే మళ్లీ మూగబోయింది. జంట నడుస్తోంది, నేను ఆపలేను. లావు దెబ్బ ఒక్కటే ఒంటరిగా మోగుతూ వాళ్ల వెనకాలే వెళ్లింది.

ముందు వరసలో ముసలివాళ్లు చేతిలోని గ్లాసులు కింద పెట్టారు. తప్పెట మరిచిపోయి రెండు తరాలైందని చెప్పుకునేవాళ్లందరికీ ఆ దెబ్బ ఏమిటో క్షణంలో తెలిసిపోయింది. పెళ్లికూతురు తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంఘపెద్ద సంజీవయ్య లేచి స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"ఎవురు సచ్చినారని కొడతాండావమ్మా?" అన్నాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు, "తప్పెట ఏసయ్య బిడ్డ కదప్పా, పుట్టుబుద్ధి యాడికి పోతాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను అంటే పడతాను. మా నాయనను అంటే పడను. గురుస్వామన్న స్పీకర్లు కట్టేసి నా వైపు చూశాడు. ఆ చూపులో కర్నూలువాడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నేను పుల్లలు పక్కన పెట్టి పెట్టె మీదికి వంగాను. ఎడమ నాబు అడుగుకంటా తిప్పేసి ఉంది. నా ఎర్రచుక్క ఒకచోట, ముల్లు ఒకచోట.

ఆ పెట్టె ఉన్నది జాన్ మోకాలి పక్కన. తలెత్తి చూస్తే తేలు కుట్టిన దొంగలా కీబోర్డు మెట్లు లెక్కపెడుతున్నాడు.

"నువ్వు తిప్పినావా?"

"సౌండు తగ్గుతాదనుకుంటి," అన్నాడు నాకు మాత్రమే వినిపించేలా. "మావోళ్లంతా ముందర కూసోనుండారు. మద్యాన్నం నువ్వు కొడతాంటే అచ్చం తప్పెట మాదిరే ఉండె."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు నవ్వినవాళ్ల మీద కోపం లేదు, మొగుడి మీదే. సౌండు తగ్గించాలంటే గురుస్వామన్నకు చెబితే సరిపోయేది. అది నోరు తెరిచి చెప్పాల్సిన మాట. అందుకే నోరు మూసుకుని నా చెయ్యి మూశాడు. నా సన్నపుల్ల గొంతు నొక్కి, పెళ్లిలో చావు మిగిల్చాడు. పైగా నన్ను అంటుంటే వింటూ కూర్చున్నాడు.

"ఆ యమ్మను దించండి," అన్నాడు సంజీవయ్య. "ఇంగ ఆ పెట్టె మా చర్చి గడప తొక్కేది ల్యా."

అప్పుడు ఆడవాళ్ల చాపల మీద నుంచి మా అత్త లేచింది. ఇక ఈవిడ కూడా రానీ, అన్నీ ఈరోజే అయిపోనీ అనుకున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. నేరుగా సంజీవయ్య ముందు నిలబడింది.

"అది చావు దెబ్బ కాదన్నా. పెండ్లి దెబ్బే. సన్నపుల్ల పలకల్యా."

అని, స్టేజీ చెక్క మీద ఎడమచేతి వేళ్లతో పలకని దెబ్బలు వేసి చూపించింది. ఒక్కటి తప్పలేదు. మా నాయన వేసినట్టే వేసింది.

జాన్ లేచి నిలబడ్డాడు. "నీకెట్ల తెలుసు మా?"

"మా నాయన కొట్టేటోడు. మీ నాయన చెప్పొద్దనె, నేను చెప్పల్యా."

సంజీవయ్య భుజం మీది కండువా సర్దుకున్నాడు.

"జాన్," అన్నాను అందరికీ వినబడేలా. "నేను తిప్పను. తిప్పినోడే తిప్పాల."

జనమంతా చూస్తుండగా నా మొగుడు మోకాళ్ల మీద కూర్చుని, నాబును ఎర్రచుక్క దగ్గరికి తెచ్చాడు. గురుస్వామన్న స్పీకర్లు వేశాడు. పుల్లలు చేతికి తీసుకుంటుంటే అత్త స్టేజీ ఎక్కి నా పక్కకు వచ్చింది.

"ఆ సన్నపుల్ల ఒకతూరి ఇట్లియ్యి మే."

ఇచ్చాను. ఆవిడ ప్యాడ్ మీద కొట్టింది. మోగలేదు. మళ్లీ కొట్టింది. వంటింట్లో అరిగిపోయిన చెయ్యి, ప్యాడ్ చెవికి ఆనలేదు. పుల్ల తిరిగి నా చేతిలో పెట్టబోయింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నా మీద పెట్టిన మూత ఒక్క సాయంత్రానిది. ఆవిడ మీదిది కాపురమంత కాలానిది.

"పెంచు," అన్నాను జాన్‌తో.

చుక్క దాటించాడు. అత్త కొట్టింది. మోగలేదు.

"ఇంకా పెంచు."

చివరికంటా తిప్పాడు. ఈసారి ఆవిడ పుల్ల ఆనీ ఆనకముందే స్పీకర్లన్నీ పలికాయి. పక్క ప్యాడ్ దెబ్బకు ఉలిక్కిపడితే పడనీ అనుకుని, నేను కుడిచేత్తో లావు దెబ్బ అందుకున్నాను.