బిర్గర్ డాక్టర్ తడి కాగితాలు

పొద్దున్నే ఆసుపత్రికి రాగానే హిల్లెవి చేసే మొదటి పని కాఫీ పెట్టడం. రెండోది తడి కాగితాలు పిండి హీటర్ మీద ఆరేయడం. హెర్నియా కోయించుకునే ప్రతి మనిషికీ ఒక కాగితం నింపి దేశమంతటి రిజిస్టర్‌లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఎవరికి మళ్ళీ కోత రాసిపెట్టి ఉందో వాళ్ళ కాగితం తడుస్తుంది. ఆల్‌వికెన్ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఇంతే. గది తుడిచే ఆమె ఆ కాగితాలు దాచే బీరువా కింద బకెట్ పెట్టి తన దారిన పోతుంది.

ఆ గురువారం తడిసింది ఎవర్ట్ కాగితం. ఎవర్ట్ ఆమె మొగుడు, ఆపరేషన్ రేపు. పేరు రాసిందో లేదో సిరా కిందనుంచి నీళ్ళూరాయి. పిండింది. మళ్ళీ ఊరాయి. హిల్లెవి దాన్ని తీసుకెళ్ళి డాక్టర్ ముందు పెట్టింది.

"బిర్గర్, ఇది చూడు."

డాక్టర్ బిర్గర్ దాల్చినచెక్క బన్ను నములుతూ నవ్వాడు. "ఆరబెట్టెయ్. ఇన్నేళ్ళలో నా దగ్గరికి ఒక్కడైనా తిరిగొచ్చాడా?"

"ఎందుకొస్తారు? నువ్వు నొచ్చుకుంటావని గుట్టుగా నగరం పోయి కోయించుకుంటారు. మనూరోళ్ళ సంగతి నీకు తెలీదూ? కాలు తొక్కించుకుని వాళ్ళే క్షమించమంటారు!"

రిజిస్టర్ వాళ్ళు ఆ వారమే పంపిన జాబితా బల్ల మీద పెట్టింది. నలభై ఒక్క పేర్లు. అందరినీ కోసింది బిర్గరే, అందరినీ వేరే ఊళ్ళో మళ్ళీ కోశారు. పక్కన కారణం ఒకటే: లోపల అతుకుగా వేసిన వల (మెష్) చిన్నది.

"మా గురువు ఇంతే కత్తిరించేవాడు," అన్నాడు బిర్గర్.

"ఆయన పోయి పాతికేళ్ళయింది. రేపు నా మొగుడి పొట్టలో కూడా అంతే వేస్తావా?"

మొదటి పేరు రూబెన్. రోజూ దారిలో చెయ్యూపి "బాగున్నా" అనే ముసలాయన. బిర్గర్ ఫోన్ చేసి అడిగాడు.

"రెండుసార్లు కోశారు," అన్నాడు రూబెన్. "నీకు చెబితే బాధపడతావని... పోనీలే బాబూ, ఇప్పుడెందుకులే అవన్నీ."

బిర్గర్‌కి సిగ్గుతో మొహం కాలిపోయింది. ఎవర్ట్ కాగితం మీద తన పేరు కొట్టేసి, నగరంలో పెద్ద మెష్ వేసే డాక్టర్ ఇల్వా పేరు రాశాడు. కింద "పక్కన నిలబడి నేర్చుకునేవాడు: బిర్గర్" అని చేర్చాడు.

హిల్లెవి కాగితం వేళ్ళతో తడిమింది. పొడిగా ఉంది. ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చింది.

బిర్గర్ జాబితాలో రెండో పేరున్న మనిషి నంబరు నొక్కాడు. బకెట్ ఎప్పుడో నిండిపోయింది. బీరువా కిందనుంచి నీళ్ళు అతని బూట్ల దాకా వచ్చాయి.